పాత రంగా, కొత్త మెరుపా: అమెరికా పల్లె సామాను ఎంచుకునే ముందు

పెన్సిల్వేనియాలో ఇల్లు కొన్న కొత్తలో నేను కొన్న మొదటి పాత వస్తువు నీలం రంగు డ్రై సింక్. ఇళ్లలోకి కుళాయిలు రాకముందు నీళ్ల బకెట్టు పెట్టుకోవడానికి, గిన్నెలు కడుక్కోవడానికి వాడిన చెక్క అలమర అది. పైన లోతు తక్కువ తొట్టి, కింద రెండు తలుపులు ఉంటాయి. అది 1850 ప్రాంతానిదని, నీలం దాని మొదటి రంగేనని అమ్మిన వ్యక్తి చెప్పాడు. నెల తిరగకముందే తలుపు అంచున నా గోరు తగిలి రంగు రబ్బరులా సాగి ఊడివచ్చింది. దాని కింద చెక్క శుభ్రంగా గీకి, నున్నగా రుద్ది ఉంది. అలమర పాతదే. రంగుకు మాత్రం ఒకటి రెండేళ్లకు మించి వయసు లేదు. నేనిచ్చిన డబ్బులో సగానికి పైగా పోసింది ఆ రంగు కోసమే.

ఆ తరువాత పదిహేనేళ్లుగా ఈ సామాను మధ్య తిరుగుతున్నాను. కొన్నాను, అమ్మాను, కొన్నిటిని ఇష్టమైనవాళ్లకు ఇచ్చాను. ఇక్కడి మన తెలుగు కుటుంబాల్లోనూ ఈ మధ్య ఈ ఇష్టం పెరుగుతోంది. ఏది కొనమంటారని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: ఆ వస్తువు మీ ఇంట్లో ఏ పని చేయబోతోంది? రోజూ చేతులు, తడి, నూనె, వేడి తగిలే చోటికి ఒక రకం కావాలి. గోడ పక్కన నిలబడి కంటికి నిండుగా ఉండే చోటికి వేరే రకం కావాలి. కింద చెప్పే ఎంపికలన్నీ ఈ ప్రశ్న దగ్గరే తేలతాయి.

పట్నం సామాను, పల్లె సామాను

"తొలినాటి అమెరికా సామాను" అనే మాట కింద రెండు వేర్వేరు వంశాలు అమ్ముడవుతాయి. ఒకటి బోస్టన్, న్యూపోర్ట్, ఫిలడెల్ఫియా వంటి రేవు పట్టణాల్లో నేర్పరులైన వడ్రంగులు 18వ శతాబ్దంలో చేసినది. వాల్‌నట్, చెర్రీ, మహాగని చెక్కలు, వంపు తిరిగిన కాళ్లు, ఇత్తడి పిడులు దాని గుర్తులు. క్వీన్ ఆన్, చిప్పెండేల్, ఆ తరువాత ఫెడరల్ అని శైలుల పేర్లు చెబుతారు. రెండోది పల్లెల్లో ఊరి వడ్రంగో, ఒక్కోసారి రైతు తానే స్వయంగానో దగ్గర దొరికిన పైన్, పాప్లర్ పలకలతో కొట్టి, పైన రంగు పూసినది. దీన్నే వ్యాపారులు "ప్రిమిటివ్" అంటారు. మాటలో మోటుతనం ఉన్నా దాన్ని ఇక్కడ మెచ్చుకోలుగానే వాడతారు.

పట్నం సామాను ఖరీదైనదని, పల్లెది చౌక అని చాలామంది అనుకుంటారు. మధ్యరకం సరుకులో ఇది తలకిందులైంది. ముదురు గోధుమ రంగు సొరుగుల బీరువాలకు గిరాకీ గత రెండు దశాబ్దాల్లో బాగా పడిపోయింది. 1800 ప్రాంతపు చెర్రీ బీరువా, కొత్త గట్టి చెక్క బీరువా కన్నా తక్కువకే వేలంలో పోవడం నేను చాలాసార్లు చూశాను. అదే వేలంలో, మొదటి రంగు చెదరని చిన్న పైన్ అలమర కోసం ఐదారుగురు పోటీపడతారు. కాబట్టి పడకగదిలో బట్టలు పెట్టుకోవడానికి బీరువా కావాలంటే పట్నం వంశానిదే కొనండి. దాని సొరుగులు సాఫీగా జరుగుతాయి, చెక్క గట్టిది, ధర అందుబాటులో ఉంటుంది. ఇంటికి ఒక ముఖం, ఒక గుర్తు కావాలనుకుంటే మాత్రం రంగు వేసిన పల్లె వస్తువు ఒక్కటి చాలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1876లో ఫిలడెల్ఫియాలో అమెరికా నూరేళ్ల ప్రదర్శన జరిగాక దేశమంతా వలస కాలపు సామాను మీద మోజు మొదలైంది. ఆ మోజు తీర్చడానికి ఫ్యాక్టరీలు దశాబ్దాల పాటు పాత నమూనాలు తయారు చేశాయి. అవి ఇప్పుడు తమంతట తామే నూరేళ్ల వయసువి అయిపోయాయి. వాడకానికి చాలావరకు బాగుంటాయి. 1920ల సరుకని తెలిసి, ఆ ధరకే కొంటే తప్పు లేదు. 1780 నాటిదని నమ్మి కొంటేనే నష్టం.

రంగు తీసినదా, తీయనిదా

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ఎంపిక ఇదే, అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

పైన్ పెట్టె చేసిన మనిషి ఆ పైన్ చెక్కను ఎవరికీ చూపించాలని అనుకోలేదు. రంగు దాని ఒంటి బట్ట. విండ్సర్ కుర్చీ చూడండి: కూర్చునే పలకకు మెత్తగా చెక్కడానికి వీలైన పైన్ లేదా పాప్లర్, కాళ్లకు గట్టి మేపుల్, వెనుక సన్నటి పుల్లలకు వంగినా విరగని హికరీ లేదా యాష్. మూడు చెక్కలు, మూడు రంగులు. వాటిని ఒక్కటి చేసేది పైపూత. ఆ పూత తీసేసిన విండ్సర్ అతుకుల బొంతలా కనిపిస్తుంది. అయినా 20వ శతాబ్దంలో చాలా కాలం, చెక్క అందం చూడాలని వేల వస్తువుల రంగును మందు పోసి కరిగించి తీసేశారు, తేనెరంగు వార్నిష్ కొట్టారు. మిగిలిన అసలు రంగుకు ఇవాళ అంత విలువ రావడానికి కారణం అదే. ఒకే కాలపు, ఒకే ఆకారపు రెండు పెట్టెల్లో రంగు ఉన్నదాని ధర, తీసినదాని కన్నా ఎన్నో రెట్లు ఉండవచ్చు.

ఆ రంగులు దేనితో చేశారో తెలిస్తే మనకు అవి పరాయివిగా అనిపించవు. ఎక్కువగా కనిపించే ఎరుపు మన జేగురు మన్నుకు చుట్టమే, ఇనుప తుప్పు కలిసిన మట్టి. దాన్ని అవిసె నూనెలో నూరి పూసేవారు. తొలి విండ్సర్ల ఆకుపచ్చ రాగి చిలుము నుంచి వచ్చింది. నీలానికి 1700ల మొదట్లో బెర్లిన్‌లో కనిపెట్టిన ప్రష్యన్ నీలం వాడేవారు. అది అరుదు కాబట్టే ఎక్కువ ధర పలుకుతుంది, అందుకే ఎక్కువగా నకిలీ అవుతుంది. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. అంగళ్లలో పాత రంగు ప్రతిదాన్నీ "పాల రంగు" అంటారు. పాలు, సున్నం కలిపిన రంగు ఉన్నమాట నిజమే గాని, సామాను మీద పూసినవి చాలావరకు నూనె రంగులే. ఇంకో రకం పూత చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. చౌక పైన్ మీద దువ్వెనతోనో, ఈకతోనో, కొవ్వొత్తి పొగతోనో ఖరీదైన చెక్క గీతలు వచ్చేలా వేసే పూత అది. ఆ వేళ్ల కదలిక రెండు వందల ఏళ్ల తరువాత కూడా తెలుస్తుంది.

నిజమైన పాత రంగును ఎలా గుర్తుపట్టాలి? అరుగుదలను చూడండి. చేయి పడే చోట, కాలు ఆనే చోట మాత్రమే అరగాలి. కుర్చీ ముందు అడ్డకర్ర పైభాగం, చేతుల చివరలు, తలుపు పిడి చుట్టూ ఉన్న అర్ధచంద్రం అలాంటి చోట్లు. ఎవరూ తాకని వెనుక కాలు లోపలివైపు కూడా ముందుభాగమంత అరిగి ఉంటే ఎవరో గరుకు కాగితం పట్టారన్నమాట. చెక్క పగుళ్లలోకి తొంగి చూడండి. రంగు వేశాక చెక్క పగిలితే పగులు లోపల రంగు ఉండదు. పగులు లోపలికీ, పాత గాట్లలోకీ రంగు కారి ఉంటే, చెక్క ముసలిదయ్యాక వేసిన రంగు అది. పాత రంగు గాజులా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. గోరుకు సాగదు.

పాత రంగుతో ఒక ప్రమాదం కూడా ఉంది. ఆ పూతల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లలో వాడే సీసపు రంగులను అమెరికా 1978లో మాత్రమే నిషేధించింది. పాకే పిల్లలున్న ఇంట్లో, పెళ్లలు రాలుతున్న పాత రంగు వస్తువు వద్దు. రంగు గట్టిగా పట్టుకుని ఉన్న వస్తువైతే పిల్లల నోరు, చేయి అందని చోట పెట్టండి, తడిగుడ్డతో దుమ్ము తుడవండి. దాన్ని గరుకు కాగితంతో మాత్రం ఎన్నడూ రుద్దకండి. అటు విలువ పోతుంది, ఇటు సీసపు దుమ్ము ఇల్లంతా చేరుతుంది. పిల్లలు బల్లెక్కి ఆడుకునే వయసులో ఉంటే రంగు తీసేసిన వస్తువే నయం. దానికి ధర తక్కువ, భయమూ తక్కువ.

అసలు, నకలు, మధ్యలో ఉన్నవి

పాతవి అన్నీ కొనాల్సిన పని లేదు. భోజనాల బల్ల విషయంలో నేను కొత్తదాని వైపే మొగ్గుతాను. పాత గాదెల నుంచి విప్పిన పలకలతో ఇప్పుడు చేసే బల్లలు పెన్సిల్వేనియా అంతటా దొరుకుతాయి. వాటిని పాత బల్లలని ఎవరైనా అమ్మితే మోసం, పాత చెక్కతో చేసిన కొత్త బల్లలని చెప్పి అమ్మితే న్యాయమైన సరుకు. సాంబారు గిన్నె వేడిగా దించినా, పసుపు మరక పడినా గుండె గుబేలుమనదు. 1820 నాటి బల్ల మీద అన్నం తింటే ఆ పూట అంతా మన చూపు మరకల మీదే ఉంటుంది.

కుర్చీల విషయంలోనూ కొత్తవి మంచివే ఉన్నాయి. పచ్చి చెక్కను చీల్చి, చేత్తో చెక్కి విండ్సర్లు చేసే పనివాళ్లు ఈనాటికీ ఉన్నారు. వాలెస్ నటింగ్ అనే ఫొటోగ్రాఫర్, ఒకప్పటి పాదరి, 1910ల చివరి నుంచి మసాచుసెట్స్‌లో ఎంత చక్కటి నకళ్లు చేయించాడంటే, వాటి అడుగున అంటించిన కాగితాన్ని పీకేసి కొందరు అసలువిగా అమ్మారు. దాంతో ఆయన తన పేరును చెక్కలోకే కాల్చి ముద్ర వేయించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ నకళ్లకే వేరే సేకర్తలున్నారు.

అసలు, నకలు తేడా నిపుణులకు కూడా ఎంత కష్టమో చెప్పే కథ ఒకటి ఉంది. రోడ్ ఐలండ్‌కు చెందిన శిల్పి అర్మాండ్ లామొంటాన్య్ 1969లో 17వ శతాబ్దపు బ్రూస్టర్ అనే రకం కుర్చీని పోలిన కుర్చీ ఒకటి చేశాడు. నిపుణుల్ని పరీక్షించాలనే చేశాడు. అది చేతులు మారి చివరికి హెన్రీ ఫోర్డ్ మ్యూజియం కొనుక్కుంది. తరువాత అతనే నిజం బయటపెట్టాడు. ఎక్స్‌రే తీస్తే రంధ్రాల అడుగు ఈ కాలపు బరమాతో చేసినట్టు తేలింది.

మన దగ్గర ఎక్స్‌రే ఉండదు, టార్చిలైటు ఉంటుంది. వస్తువును తిరగేసి చూడటానికి అనుమతి అడగండి. ఇవ్వనంటే అక్కడి నుంచి కదలండి. మేకులు చూడండి: కమ్మరి కొట్టిన మేకు తల సమంగా ఉండదు, 1800 ప్రాంతం దాకా అవే. తరువాత 19వ శతాబ్దమంతా రేకు నుంచి కోసిన చతురస్రపు మేకులు. గుండ్రటి తీగ మేకులు 1890 తరువాతే విరివిగా వచ్చాయి. ఒక్క తీగ మేకు ఉంటే తరువాతి మరమ్మతు కావచ్చు, అన్నీ అవే అయితే వస్తువే తరువాతిది. పలక వెనుక రంపపు గీతలు నిలువుగా, సమాంతరంగా ఉంటే పాత మిల్లు రంపానివి. విల్లులా వంగి ఉంటే గుండ్రటి రంపం, అంటే 1830ల నుంచి ఇటు. చేత్తో చిత్రిక పట్టిన పలక అడుగు మీద అరచేయి జరిపితే చిన్న అలలు తగులుతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష కొలత టేపు. చెక్క పీచుకు అడ్డంగా కుంచించుకుపోతుంది, పీచు వెంట నిలువుగా దాదాపు కుంచించదు. అందువల్ల రెండు వందల ఏళ్ల గుండ్రటి బల్ల ఇప్పుడు గుండ్రంగా ఉండదు. అటూ ఇటూ కొలిస్తే అర అంగుళం తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. ఖచ్చితంగా గుండ్రంగా ఉంటే నాకు అనుమానమే.

ఇక మధ్యలో ఉన్నవి "పెళ్లయిన" వస్తువులు. పై అలమర ఒక ఇంటిది, కింది అలమర ఇంకో ఇంటిది, రెండూ పాతవే, ఎవరో జత కలిపారు. వెనుక పలకల రంగు, మేకులు, రంపపు గీతలు పైనా కిందా ఒకటి కాకపోతే అది జతే. వాడుకకు జత వస్తువు చక్కగా పనికొస్తుంది. ధర మాత్రం జత వస్తువు ధరే ఇవ్వాలి.

వంటిల్లు: మన వంటకు ఏది ఆగుతుంది

ఇక్కడి పత్రికల సలహాలు మన వంటింటికి సరిపోవు. తాలింపు పొగ, నూనె ఆవిరి, పసుపు, చింతపండు రసం వాళ్ల లెక్కలో లేవు. పూత లేని పాత పైన్, నూనెను స్పాంజిలా పీల్చుకుంటుంది. పసుపు దాని మీద పడితే ఇక అక్కడే ఉంటుంది. అందుకని పొయ్యి ఉన్న గదిలో పాత రంగు వస్తువేదీ పెట్టవద్దని నా మాట. పక్కనున్న భోజనాల గది దానికి తగిన చోటు.

ఆ గదికి పై సేఫ్ (ఇక్కడ "పై" అంటే pie అనే వంటకం), జెల్లీ కప్‌బోర్డ్ అనే రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. పై సేఫ్ తలుపులకు చెక్క బదులు చిల్లులు పొడిచిన రేకులుంటాయి. గాలి ఆడుతుంది, ఈగ దూరదు. మన పాత వంటిళ్లలో పాలు, పెరుగు పెట్టుకున్న జాలీ అలమర చేసిన పనే ఇది. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల డబ్బాలు పెట్టే అలవాటు అక్కడా ఇక్కడా ఒకటే. రేకు మీద నక్షత్రాలు, చక్రాలు, పూలకుండీల ఆకారంలో పొడిచిన చిల్లులే దాని అందం. కొనేటప్పుడు ఆ రేకులనే అనుమానించాలి. పాత చట్రానికి కొత్త రేకు వేసి, యాసిడ్‌తో తుప్పు పట్టించడం తేలిక. రేకు అంచుల మేకులు, వాటి చుట్టూ చెక్క మీద నల్లటి మచ్చలు పాతవో కాదో చూడండి. జెల్లీ కప్‌బోర్డ్ సాదా చెక్క తలుపుల పొడవాటి అలమర, అరలు లోతుగా ఉంటాయి. పప్పుల డబ్బాలు, పెద్ద గిన్నెలు సర్దుకోవాలంటే ఇదే మేలు. చూపుకు పై సేఫ్, వాడకానికి జెల్లీ కప్‌బోర్డ్. రెండిటికీ చోటు లేకపోతే నేను రెండోదే కొంటాను.

చాలామంది ఈ అలమరలను పూజామందిరంగా మార్చాలనుకుంటారు. ఆలోచన అందమైనదే. కాని లోపల దీపం వెలిగిస్తే పై పలక వేడెక్కి, పాత రంగు బుడగలు కట్టి లేస్తుంది. నూనె కారిన మచ్చ పోదు. కొత్తగా చేయించిన అలమరను వాడండి, లేదా పాత అలమర ముందు విడిగా ఇత్తడి పళ్లెం మీద దీపం పెట్టండి.

జాడీల దగ్గర మరింత జాగ్రత్త కావాలి, ఇది ఆరోగ్యం సంగతి. పల్లె సామానులో రెండు రకాల మట్టిపాత్రలు వస్తాయి. ఎర్రమట్టితో చేసిన రెడ్‌వేర్ మెరుపుకు సీసం వాడేవారు. అందులో ఊరగాయ, చింతపండు, పెరుగు ఏదీ పెట్టకూడదు, పులుపు సీసాన్ని కరిగిస్తుంది. దాన్ని అర మీద పెట్టి చూసుకోవాలి, అంతే. బూడిదరంగు స్టోన్‌వేర్ వేరు. బట్టీ బాగా కాలాక లోపలికి ఉప్పు చల్లితే, ఆ ఆవిరి మట్టితో కలిసి నారింజ తొక్కలాంటి గరుకు మెరుపునిస్తుంది. పైన కోబాల్టు నీలంతో పువ్వో, పక్షో గీస్తారు, అంకె ఉంటే అది ఎన్ని గ్యాలన్లు పడుతుందో చెబుతుంది. మన ఆవకాయ జాడీ చూసి పెరిగినవాళ్లకు వీటి మీద ప్రేమ పుట్టడం సహజం. వెర్మాంట్ రాష్ట్రం బెనింగ్టన్‌లో నార్టన్ కుటుంబం 1793 నుంచి 1894 దాకా నడిపిన కుండల కార్ఖానా ముద్ర ఉన్నవి పేరున్నవి. వేలితో తడితే గంటలా మోగాలి, మొద్దుగా పలికితే ఎక్కడో వెంట్రుకంత పగులుంది. గీత అతి గొప్పగా ఉండి జాడీ మామూలుగా ఉంటే ఆలోచించండి, సాదా జాడీ మీద తరువాత నీలం వేసి మళ్లీ కాల్చినవి ఉన్నాయి. ఇంతా చేసి వీటిలోనూ ఊరగాయ పెట్టమని నేను చెప్పను, పగుళ్లలో ఏముందో, వందేళ్లలో అందులో ఏం పోశారో మనకు తెలియదు. గరిటెలు, చల్లకవ్వం, ఎండుకొమ్మలు పెట్టుకోండి. ఊరగాయకు కొత్త జాడీ కొనండి.

కూర్చోవడానికి

విండ్సరా, షేకరా అంటే నేను తడుముకోను. షేకర్లు 1774లో ఆన్ లీ అనే ఆమె వెంట ఇంగ్లండ్ నుంచి వచ్చిన మత సమాజం. వాళ్లు చేసిన నిచ్చెన వీపు కుర్చీలు గాలికి తేలిపోయేలా ఉంటాయి. పనయ్యాక వాటిని గోడకున్న కొయ్యలకు తగిలించి గది ఊడ్చుకునేవారు. న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ లెబనన్ కార్ఖానా వాటిని 0 నుంచి 7 దాకా కొలతల అంకెలతో అమ్మింది. చూడటానికి వాటికి సాటి లేదు. కాని అల్లిన పట్టీల సీటు సన్నది, రెండు కాళ్లు నేల మీదే ఉంచి కూర్చోవాలి. మా అమ్మ వచ్చినప్పుడు మఠం వేసుకుని కూర్చునేది విండ్సర్‌లోనే. దాని పలక వెడల్పు, మధ్యలో లోతుగా చెక్కి ఉంటుంది. జార్జ్ వాషింగ్టన్ 1796లో తన ఇల్లు మౌంట్ వెర్నన్ వరండా కోసం ఫిలడెల్ఫియా నుంచి తెప్పించుకున్నదీ విండ్సర్లనే. కొనేటప్పుడు నేల నుంచి పలక ఎత్తు కొలవండి, 17 అంగుళాల చుట్టూ ఉండాలి. 15 ఉంటే కాళ్లు కోసేశారు. అలాంటి కుర్చీ భోజనాల బల్లకు పనికిరాదు.

షేకర్ల నుంచి తీసుకోవాల్సింది కుర్చీ కన్నా ఆ గోడ కొయ్యల వరుస. మన చిలకకొయ్యే, వరుసగా గది చుట్టూ. కొత్తదే చేయించుకోండి, అసలు కోసం వెతకనక్కరలేదు.

గుడ్డలు, తివాచీలు

ఇక్కడ నియమం చిన్నది: పాతది గోడకు, కొత్తది మంచానికి, నేలకు. పాత క్విల్టులు మన బొంతలకు అక్కచెల్లెళ్లు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో, ఆధునిక వసతులకు దూరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ సమాజపు కుటుంబాల ఉన్ని క్విల్టులు ఒకే రంగు పెద్ద ముక్కలతో, మధ్యలో వజ్రపు ఆకారంతో ఉంటాయి, నాకు అవే ఇష్టం. ఉతకకండి, ఎండ పడే కిటికీ ఎదురుగా కట్టకండి. కొక్కెంతో గుడ్డ ముక్కలు లాగి అల్లే పాత తివాచీల అడుగు చాలావరకు జనపనార గోనె. అది ముసలితనంతో పిండి అవుతుంది, నడిస్తే విరుగుతుంది.

ఒక్క విషయం మాత్రం చెప్పకుండా ఉండలేను. 18వ శతాబ్దపు అమెరికా ఇళ్ల మంచాల మీద పరిచిన పూలచెట్టు దుప్పట్లలో చాలా మన కోరమండల్ తీరానివి. మచిలీపట్నం వైపు కలంతో గీసి, చిరివేరు అనే మొక్క వేరు ఎరుపులో అద్దిన గుడ్డలు ఓడల్లో లండన్ వెళ్లి, అక్కడి నుంచి అమెరికాలోని వలస రాజ్యాలకు చేరాయి. బ్రిటన్ తన దేశంలో వాటిని వాడకూడదని నిషేధించిన రోజుల్లో కూడా ఈ వలస రాజ్యాలకు ఎగుమతి సాగింది. అవి పాతబడ్డాక వాటి పువ్వులు, పక్షులు కత్తిరించి తెల్ల క్విల్టుల మీద కుట్టుకున్నారు ఇక్కడి స్త్రీలు. అసలువి మ్యూజియంలకే చేరాయి, కొనాలని చూడకండి. కాని తొలినాటి అమెరికా గదిలో మంచం మీద పెడన కలంకారీ దుప్పటి వేస్తే అది చరిత్రకు దగ్గరైన ఎంపికే. నేను అదే వేశాను.

ఎక్కడ కొనాలి

మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ సంత 1959 నుంచి సాగుతోంది. మే, జులై, సెప్టెంబరు నెలల్లో జరుగుతుంది. పొలాలకు పొలాలు నిండిపోతాయి. చూపు పదును పెట్టుకోవడానికి అది మంచి చోటు, తొందరలో తప్పు కొనడానికీ అంతే మంచి చోటు. పెన్సిల్వేనియాలో ఆడమ్స్‌టౌన్ ఆదివారపు అంగళ్లు నాకు దగ్గర, నెమ్మదిగా తిరగవచ్చు. వేలాల్లో ధర తక్కువగా కనిపిస్తుంది గాని, పలికిన మొత్తం మీద కొనుగోలుదారు రుసుము ఇరవై శాతమో అంతకు పైనో పడుతుంది, వెనక్కి ఇచ్చే వీలుండదు. మొదటిసారి కొనేవారికి తన దుకాణం ఉన్న, ఏళ్లుగా అక్కడే ఉన్న వ్యాపారి మంచిది. కాలం ఏమిటి, రంగు మొదటిదా, ఏ మరమ్మతులు జరిగాయి అన్నవి రసీదు మీద రాయించుకోండి. నా డ్రై సింక్ రసీదు మీద "నీలం అలమర" అని మాత్రమే ఉంది.

కొనేముందు రెండు చోట్ల చూసి రండి. డెలావేర్‌లోని వింటర్‌థర్, హెన్రీ ఫ్రాన్సిస్ డూపాంట్ పోగుచేసిన సామానుతో 1951లో తెరిచిన మ్యూజియం, పట్నం వంశానికి. లాంకాస్టర్ దగ్గర లాండిస్ వ్యాలీ, పెన్సిల్వేనియా జర్మన్ రైతుల సామానుకు. అసలు రంగు ఎలా ఉంటుందో కంటికి అలవాటైతే నకిలీ దానంతట అదే పరాయిగా కనిపిస్తుంది.

మొదటి డబ్బు దేని మీద

ఒక్కటే కొనగలిగితే పెట్టె కొనండి. మన భోషాణం లాంటిదే, మూత పైకి లేస్తుంది, లోపల ఒక పక్కన చిన్న అర ఉంటుంది. పెన్సిల్వేనియా జర్మన్ పెట్టెల మీద పూలు, పక్షులు, బెర్క్స్ కౌంటీ వాటి మీద ఏకశృంగ గుర్రాలు కూడా, యజమాని పేరు, సంవత్సరం రాసి ఉంటాయి. పెళ్లికూతుళ్ల పెట్టెలని అమ్ముతారు గాని మగపిల్లలకూ చేయించేవారు. వాటి ధర అందదు, అందేలా ఉంటే అనుమానించాలి. న్యూ ఇంగ్లండ్ పెట్టె మాత్రం ఆరు పలకలు, కొన్ని మేకులు, జేగురు రంగు, అంతే. పక్క పలకలే కిందికి దిగి కాళ్లవుతాయి. ఇది అందుతుంది, నకిలీ తక్కువ, మంచం కాళ్ల దగ్గరో కిటికీ కిందో ఎక్కడైనా ఒదుగుతుంది. పట్టుచీరలు పెట్టాలంటే ముందు లోపల ఉతికిన నూలు గుడ్డ మందంగా పరవండి, పాత చెక్క ఆమ్లం పట్టును పసుపు పట్టిస్తుంది. చలికాలం హీటరు గాలి వచ్చే చోట పెట్టకండి, పలకలు చీలతాయి.

నా పెట్టెకు ఎడమ పక్క అడుగున ఎలుక కొరికిన రంధ్రం ఉంది. దాన్ని ఎవరో ఎప్పుడో రేకు ముక్కతో మూసి, నాలుగు చతురస్రపు మేకులు కొట్టారు. రేకు మీదికి కూడా ఎరుపు పాకింది, పాకిన చోట అది పెట్టె రంగుతో సమానంగా వెలిసిపోయింది. అమ్మిన ఆవిడ ఆ రేకు చూపించి, తానే ముప్ఫై డాలర్లు తగ్గిస్తానంది. నేను పెట్టెను తిరగేసి, లైటు వేసి ఆ మేకుల తలలు చూశాక, ఆమె మొదట అడిగిన ధరే ఇచ్చి తెచ్చుకున్నాను.